గడప లేని బండి

విజయవాడ ఆసుపత్రిలో పెద్ద డాక్టరు మా అక్క ఫైలు మూసేసి, ఇక ఇంటికి తీసుకెళ్ళిపోండి, ఆమెకు ఏది తినాలనిపిస్తే అది పెట్టండి అన్నాడు. ఆ మాటకు అర్థం మా వైపు చదువు రానివాళ్ళకు కూడా తెలుసు. నేను తల ఊపి బయటికొచ్చి, క్యాంటీన్‌లో ఒక టీ తీసుకుని కూర్చున్నాను. ఇంటికి అంటే ఎక్కడికి అన్నది అప్పుడు తట్టింది.

మాది నందిగామలో అద్దె ఇల్లు. మేడ మీద రెండు గదులు, ముందు వరండా. అందులో అక్కా నేనూ చాలా ఏళ్ళుగా ఉంటున్నాం. అక్క భర్త పెళ్ళయిన కొత్తలోనే పోయాడు, పిల్లలు లేరు. నేను కొన్నాళ్ళు కాపురం చేసి, ఆ మనిషితో ఇక చాలనుకుని తిరిగొచ్చినదాన్ని. అక్క జాకెట్లు కుట్టేది, నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. గరికపాడు దగ్గర మా అమ్మానాన్నల ఇల్లు హైవే వెడల్పు చేసినప్పుడు పోయింది. మా వంటిల్లు ఉండాల్సిన చోట ఇప్పుడు లారీలు పోతుంటాయి. ఆ తర్వాత ఎక్కడైనా స్థలం చూద్దామని నేనంటే, ఇద్దరు ఆడవాళ్ళం, ఎవరి కోసం కట్టాలే అనేది అక్క. నేనూ సరే అనుకున్నాను. బతకడానికి అద్దె ఇల్లు చాలు. చావడానికి మాత్రం సొంతిల్లు ఉండాలని ఆ రోజు క్యాంటీన్‌లో టీ చల్లారిపోతుంటే తెలిసింది.

సొంత ఇళ్ళున్నవాళ్ళకు ఇది కొత్తగా ఉండొచ్చు కాబట్టి చెప్తున్నాను. మా వైపు అద్దెకున్న మనిషి ఆ ఇంట్లో ప్రాణం వదిలితే ఇంటిగలవాళ్ళకు అరిష్టం అంటారు. ఆసుపత్రిలో పోయినా సరే, శవాన్ని గేటు లోపలికి రానివ్వరు. రోడ్డు వారన షామియానా వేసుకుని, పోయే వచ్చే మోటార్ సైకిళ్ళ మధ్య ఏడ్చుకునే కుటుంబాలను నేను కళ్ళారా చూశాను. మేం క్రిస్టియన్లం. మాకు మైల లేదు, పంచకం లేదు, నక్షత్రం చూసుకోవడం లేదు. అయితే ఏం, ఇల్లు మాది కాదు కదా. ఇంటితో పాటు ఆ ఇంటి భయాలు కూడా మేం అద్దెకు తీసుకున్నట్టే.

మా ఇంటిగలావిడ చెడ్డ మనిషి కాదు. ఈ మాట ముందే చెప్పకపోతే తర్వాత చెప్పడానికి నాకు మనసొప్పదు. మేం ఇల్లు వెతుక్కుంటూ తిరిగిన రోజుల్లో ప్రతి గుమ్మంలోనూ ముందు, మీరేమిట్లండి అని కులం అడిగేవాళ్ళు. మా జవాబు వినగానే, ఇప్పుడే వేరేవాళ్ళకు మాటిచ్చామనేవాళ్ళు. ఈవిడా అదే అడిగింది, అదే జవాబు వింది, అయినా తాళం తెచ్చి చేతిలో పెట్టింది. అక్కకు కీమో ఎక్కించిన రోజుల్లో మోకాళ్ళ నొప్పులతోనే మెట్లెక్కి జావ తెచ్చేది. ఆవిడ కూతురికి చిన్నప్పటి పరికిణీల దగ్గర్నుంచి పెళ్ళి జాకెట్ల దాకా అన్నీ అక్క చేతి మీద కుట్టినవే. ఆ పిల్ల పెళ్ళి దీపావళి వెళ్ళాక పెట్టుకున్నారు.

మేం కారు దిగేసరికి ఆవిడ గేటు దగ్గరే ఉంది. అక్క నడుము పట్టుకుని మెట్లెక్కించింది, మంచం మీద దిండు సర్దింది. సాయంత్రం మళ్ళీ వచ్చి వరండాలో కుర్చీ మీద కూర్చుని, ఇంటికి రంగులు వేయించాలని, పందిరివాళ్ళు ఇంకా ఖాయం కాలేదని, వర్షాలు తగ్గేలా లేవని చెప్పుకుంటూ పోయింది. ఆవిడ ఎటు వెళ్తోందో నాకు తెలుసు. తెలిసి కూడా ఒక్క మాట అందించలేదు. ఎంత దూరం తిరిగొస్తుందో చూద్దామని మొండిగా కూర్చున్నాను.

"నాకు నోరు రావట్లేదు టీచరమ్మా," అంది చివరికి. "మగపెళ్ళివారు బాగా పట్టింపున్న మనుషులు. ఈలోపల ఇంట్లో ఏదన్నా అయితే ఇల్లు మూసెయ్యమంటారు. మీరే ఎట్టాగో చూసుకోండమ్మా, నీకు దణ్ణం పెడతా."

ఏదన్నా అయితే అంటే ఏమిటో విడమరిచి చెప్పమని అడిగాను. ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకు జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. ఇంతలో లోపలి గదిలోంచి అక్క, పిల్ల పెళ్ళి కదా, వెళ్తామని చెప్పవే అంది. అంత నీరసంలోనూ ఆ మాట మా ఇద్దరికీ వినిపించేలా అంది.

మర్నాటి నుంచి టులెట్ బోర్డుల కింద నిలబడి ఫోన్లు చేశాను. ఇద్దరమే ఉంటామంటే సంతోషించేవాళ్ళు. రెండో మనిషికి ఒంట్లో బాగాలేదనగానే ఏమిటని ఆరా తీసి, ఇంట్లో అడిగి చెప్తామనేవాళ్ళు. ఒకాయన మరీ మర్యాదస్తుడు, అంతా అయ్యాక మీరొక్కరే వస్తే తప్పకుండా ఇస్తామండి అన్నాడు.  ఫోను పెట్టేసి, ఆ వీధి చివర కొబ్బరి బొండాల బండి దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

అప్పుడు మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. మాకు సొంత తమ్ముడి కిందే లెక్క. వేదాద్రి దగ్గర కృష్ణ ఒడ్డున ఎవరిదో పొలం కౌలుకు తీసుకుని క్యాంపింగ్ పెట్టుకున్నాడు. శనాదివారాలు హైదరాబాదు నుంచి సాఫ్ట్‌వేర్ పిల్లలు కార్లలో వచ్చి, గుడారాల్లో పడుకుని, చికెన్ కాల్చుకుని తిని, పొద్దున్నే ఏటి ఒడ్డున ఫోటోలు తీసుకుని వెళ్తారు. వాడింట్లోనే ఉంచుకుందామంటే కూతురు పురిటికొచ్చి ఉంది. పచ్చి బాలింత పక్క గదిలో ఇట్టాంటి మనిషిని పెట్టమని నేనూ అడగలేను. వానాకాలం కాబట్టి క్యాంపు ఖాళీగా ఉందని, గుడారాలు విప్పేశాడని, క్యారవాన్ మాత్రం ఊరికే నిలబడి ఉందని చెప్పాడు. అందులో మంచం, ఫ్యాను, బాత్‌రూము అన్నీ ఉన్నాయి, పెద్దక్కను తీసుకొచ్చెయ్ అన్నాడు. ఎన్నాళ్ళని నేను అడగలేదు, వాడూ అనలేదు. పెద్ద డాక్టరు చెప్పిన నెల రోజుల లెక్కే ఇద్దరి మనసులోనూ ఉంది.

వినాయక చవితి పందిళ్ళు విప్పుతున్న రోజుల్లో బయలుదేరాం. చిల్లకల్లు దగ్గర హైవే దిగి లోపలికి తిరిగాక రోడ్డంతా గుంటలు. కుదుపు కుదుపుకీ అక్క పళ్ళ బిగువున ఊపిరి పట్టేది. అటూ ఇటూ పత్తి చేలు నీళ్ళలో నిలబడి ఉన్నాయి. వేదాద్రి ఇంకా కాస్త దూరం ఉందనగా మట్టిదారిలో తిరిగితే తుమ్మ చెట్లు, ఒక వెదురు గేటు, దాని మీద ఇంగ్లీషు బోర్డు. లోపల మంట వేసుకునే చోట గుండ్రంగా పేర్చిన రాళ్ళ మధ్య వాన నీళ్ళు నిలిచాయి. చెట్టుకు కట్టిన తాడు ఉయ్యాల తడిసి నల్లబడింది. అవన్నీ దాటాక ఒడ్డు, ఒడ్డు కింద ఎర్రటి వరద నీళ్ళతో కృష్ణ. పైన ప్రాజెక్టు గేట్లు ఎత్తారట, చెట్ల కొమ్మలు, నురగ, ఎక్కడివో చెప్పులు కొట్టుకుపోతున్నాయి.

క్యారవాన్ అంటే పాత మినీ బస్సు. ఒకప్పుడు సినిమా షూటింగులకు తిరిగిన బండిని తమ్ముడు హైదరాబాదులో కొనుక్కొచ్చాడు. బ్యాటరీ తీసేసి, టైర్ల కింద రాళ్ళు పెట్టి, ఒక తుమ్మ చెట్టు నీడన నిలబెట్టాడు. వెనక వైపు మంచం, పక్కనే ఒడ్డు కనిపించే కిటికీ. ముందు ఒక సోఫా, నేను పడుకునేది దాని మీదే. మంచానికి ఎదురుగా నటీమణులు మొహానికి రంగేసుకునే పెద్ద అద్దం, దాని చుట్టూ బల్బులు. అక్కను ఎత్తి పడుకోబెట్టగానే ఆమెకు ముందు కనిపించింది ఆ అద్దమే. జుట్టంతా ఊడిపోయిన ఆ మొహాన్ని కాసేపు చూసుకుని, ఇన్నాళ్ళకి నన్ను హీరోయిన్ని చేసావే అంది. తమ్ముడు నవ్వలేక బయటికెళ్ళిపోయాడు. నేను నా చున్నీ తీసి అద్దం మీద కప్పాను.

మొదటి రోజులు పనితోనే గడిచాయి. పక్క ఊరి నుంచి ఆర్‌ఎంపీ డాక్టరు సైకిల్ మోటారు మీద వచ్చి నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, సెలైన్ బాటిలు కర్టెను కడ్డీకి వేలాడదీసి వెళ్ళేవాడు. తమ్ముడి భార్య క్యారియర్ పంపేది. అక్క రెండు మెతుకులు తిని చాలనేది. వాన పడితే బండి పైకప్పు మీద మోత, మాట వినిపించేది కాదు. వాన లేనప్పుడు వేదాద్రి గుడి మైకు గాలివాటుగా వినిపించేది. మా పాస్టరు గారు ఒకసారి వచ్చి ప్రార్థన చేసి, ఆమెను త్వరగా విశ్రాంతిలోకి తీసుకోమని ప్రభువును అడిగారు. అక్క కళ్ళు మూసుకునే ఆమెన్ అంది. నేను అనలేదు. అంత త్వరపడమని దేవుణ్ణి అడిగే హక్కు ఆయనకు ఎవరిచ్చారనిపించింది.

నిజం చెప్తే ఆ బండి అంటే నాకు అసహ్యం. ఏదో రూమ్ ఫ్రెషనర్ వాసన, కాళ్ళకు అంటుకునే ప్లాస్టిక్ నేల, ఎక్కడ లేచినా తలకు తగిలే అరలు. ఎవరో జంటలు శనివారం సరదాకి పడుకునే మంచం మీద, చివరి రోజులకు మా అక్కను తెచ్చి పడుకోబెట్టానని రోజూ లోపల కుమిలేదాన్ని. అక్క మాత్రం ఆ బండిని ఇష్టపడింది. పగలంతా కిటికీ లోంచి ఏటిని చూసేది. జాలర్లు పుట్టి పడవలో గిరగిర తిరుగుతూ వల వేస్తుంటే, వాళ్ళ చేతులు నొప్పి పుట్టవా అని అడిగేది. నాకు ఆ ఏటిలో ఎర్ర నీళ్ళు తప్ప ఏమీ కనిపించేవి కావు.

ఒక మధ్యాహ్నం తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తుంటే నా చెయ్యి ఆపింది.

"దీనికి గడప లేదు చూసావా?" అంది. "కింద చక్రాలున్నాయి. ఇందులో పోతే ఎవరింట్లోనూ పోయినట్టు కాదే. ఎవరికీ ఏ దోషమూ లేదు."

ఆమె ఎన్ని రోజులుగా ఆ సంగతి ఆలోచించి ఉంటుందో. ఆ మొహంలో పెద్ద చిక్కుముడి విప్పుకున్నట్టు ఒక నెమ్మది. తన చావు ఎవరి నెత్తి మీదా పడకుండా ఒక చోటు దొరికిందని మా అక్క సంతోషపడుతోంది. నేను గుడ్డ పిండుకొస్తానని చెప్పి బయటికెళ్ళి, తుమ్మ చెట్టు వెనక ఏడ్చాను.

దసరా వెళ్ళింది. విజయవాడ డాక్టరు లెక్క తప్పింది. వానలు వెనకబట్టాయి, ఏరు కాస్త తేరుకుంది. దాంతో పాటు అక్క కూడా. అప్పటికే తమ్ముడు గుడారాలు బయటికి తీసి ఎండబెడుతున్నాడు. కార్తీక మాసంలో మా వైపు వనభోజనాల జోరు. ఒక్కో కులం వాళ్ళు, ఒక్కో ఉద్యోగం వాళ్ళు ఒక్కో ఆదివారం తోటల్లో, ఏటి ఒడ్డున చేరి వండుకు తింటారు. వాడికి ఏడాది మొత్తానికి బతుకుదెరువు ఆ నాలుగు వారాలే. మొదటి ఆదివారం జగ్గయ్యపేట నుంచి ఒక కుల సంఘం వాళ్ళు వస్తున్నారని, పెద్దవాళ్ళు నడుం వాల్చడానికి క్యారవాన్ కూడా కావాలన్నారని వాడు నాకు చెప్పలేదు. భోజనాల పందిరి కొలతల గురించి ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతుంటే విన్నాను.

ఆ వారంలోనే అక్క చేపల పులుసు అడిగింది. జాలరి దగ్గర అప్పుడే పట్టిన చేప కొని, ఒడ్డున రాళ్ళపొయ్యి మీద నేనే వండాను. అక్క దిండుకు ఆనుకుని కూర్చుని అన్నం కలుపుకుంది. ముద్ద తర్వాత ముద్ద, కంచంలో ఉన్నదంతా తింది. ముల్లు తీసి పక్కన పెట్టి, ఉప్పు కాస్త తగ్గిందే అని వంక కూడా పెట్టింది. నాకు సంతోషం కలగాలి. కలిగింది కూడా, ఒక్క నిమిషం.  ఇట్టా తింటే ఈమె కార్తీకం దాకా ఉంటుంది. ఉంటే ఎక్కడ ఉంచను? పులుసు గిన్నె చేతిలో పట్టుకుని, నా అక్క అన్నం తిన్నందుకు భయపడుతూ నిలబడ్డాను. ఆ భయానికి నేను ఇప్పటికీ పేరు పెట్టలేను. మొహం దాచుకుందామని తల తిప్పాను, ఆలస్యమైంది. అక్క నా వైపే చూస్తోంది.

తమ్ముడు రోజూ పొద్దున్నే కిటికీ దగ్గరకొచ్చి, పెద్దక్కకు ఎట్టా ఉందక్కా అని అడిగేవాడు. మొదట్లో ఆ మాట ఎంతో హాయిగా ఉండేది. ఇప్పుడు అదే మాట వాడి నోట్లో బరువెక్కింది. అడిగి, నా మొహం వంక చూడకుండా టైర్ల కింది రాళ్ళను కాలితో తట్టి వెళ్ళేవాడు. పండగలా పుట్టిన మనవడు ఇంట్లో ఉన్నాడు, బయట ఈ సంకటం. చివరికి ఒకరోజు, రెండు రోజులు జగ్గయ్యపేట గవర్నమెంటు ఆసుపత్రిలో చేరుద్దామా, ఆదివారం వెళ్ళగానే మళ్ళీ తెచ్చుకుందామని నసిగాడు. నేను అక్కతో ఎట్టా చెప్పాలా అని మథనపడుతూ లోపలికి వెళ్ళాను. ఆమె అంతా విన్నట్టే ఉంది.

"నన్ను మళ్ళీ బండెక్కించి తిప్పొద్దు. ఇక్కణ్ణుంచి కదపనని మాటివ్వు," అంది.

మాటిచ్చాను. తమ్ముడి దగ్గరకెళ్ళి, పెద్దక్క ఎక్కడికీ రాదు, ఏం చేస్తావో చేసుకో అన్నాను. వాడు సరే, బండి రిపేరులో ఉందని వాళ్ళకు చెప్తా, కర్టెన్లు వేసుకుని లోపలే ఉండండి అన్నాడు. అంతకంటే మంచి మనిషిని నేను చూడలేదు.

ఆ మర్నాటి నుంచి అక్క అన్నం ముట్టలేదు. పులుసు వాసన వికారంగా ఉందంది. జావ కలిపిస్తే తర్వాత తాగుతానని పక్కన పెట్టించేది. వికారమో, తనకు తానే గడువు పెట్టుకోవడమో నాకు తెలియదు. అడిగే ధైర్యం చేయలేదు. నీళ్ళు మాత్రం చెంచాతో పోస్తే తాగేది. తాగి, ఇవాళ ఏం వారమే అని అడిగేది. నేను చెప్పకపోయినా గుడి మైకు చెప్పేసేది.

శనివారం పొద్దున్నే ట్రాక్టరు వచ్చింది. పందిరి గుంజలు, ప్లాస్టిక్ కుర్చీలు, వంట గుండిగలు దింపారు. వంటవాళ్ళు మా బండికి కూతవేటు దూరంలో గాడిపొయ్యి తవ్వడం మొదలుపెట్టారు. ఒకడు వచ్చి బండి అద్దంలోకి తొంగి చూడబోతే తమ్ముడు రిపేరు, రిపేరు అని వాణ్ణి భుజం పట్టి తీసుకెళ్ళాడు. లోపల కర్టెన్లు మూసి ఉన్నాయి. అక్కకు ఊపిరి గుర్రుగుర్రుమంటోంది. ఆర్‌ఎంపీ డాక్టరు సెలైన్ మార్చి, మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. ఏరు కనిపించాలని ఆమె వేలు చూపిస్తే, ఒడ్డు వైపు కర్టెను ఒక్కటి జరిపాను. ఎండ వచ్చి మంచం మీద పడింది. బయట గుంజలు పాతుతున్న చప్పుడు. నా చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. మధ్యాహ్నం కాకముందే ఆ చప్పుడులోనే ఆమె ఊపిరి ఆగిపోయింది. డాక్టరు నా వంక చూసి తల అడ్డంగా ఊపాడు.

పోయినవాళ్ళు ఎట్టా పోయారో నేను చాలామంది గురించి విన్నాను. మా అక్క మెత్తటి మంచం మీద, నెత్తిన కప్పు ఉండగా, ఏటిని చూస్తూ పోయింది. కోరుకున్న చోటే పోయింది. అంత దుఃఖంలోనూ నాకు ఆ ఒక్కటి చాలనిపించింది. నోరు తెరిచి ఏడవబోయాను.

తమ్ముడు లోపలికొచ్చి తలుపు వేశాడు. నా నోటి మీద చెయ్యి పెట్టాడు. 

"చిన్నక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా, ఇక్కడ ఏడవొద్దు. చావు జరిగిన చోట వనభోజనాలు ఎవరు చేస్తారు? ఈ పొలం కూడా నాది కాదు. పెద్దక్క దారిలో పోయిందందాం."

వాడి మొహమంతా కన్నీళ్ళు. వాడికి ఆమె నాకంటే తక్కువేమీ కాదు, వాడి చిన్నప్పటి చొక్కాలు కూడా అక్క కుట్టినవే.  వాడు ఫోన్ చేశాడు, జగ్గయ్యపేట నుంచి అంబులెన్సు వచ్చింది. డాక్టరు సెలైన్ తీసెయ్యబోతే తమ్ముడు వద్దని సైగ చేశాడు. డ్రైవరుకు కూడా చెప్పలేదు.

అట్టా మా అక్కను స్ట్రెచర్ మీద బయటికి తెచ్చాం. మొహం తెరిచే ఉంది, గొంతు దాకా దుప్పటి. చేతికి సూది, సూదికి గొట్టం, ఆ గొట్టం పైన బాటిలు నా చేతిలో. బతికున్న మనిషికి పట్టినట్టు దాన్ని తలపైకి ఎత్తి పట్టుకుని పందిరి పక్క నుంచి నడిచాను. గుంజలు పాతేవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. కూరగాయలు తరుగుతున్న ఒక పెద్దావిడ కత్తిపీట మీద నుంచి లేచి నిలబడి, భయపడకమ్మా, తగ్గిపోద్దిలే అని నాతో అంది. నేను ఆవిడకు తల ఊపాను. సెలైన్ చుక్క పడటం ఎప్పుడో ఆగిపోయింది. ఎవరైనా చూస్తారేమోనని గొట్టాన్ని దుప్పటి అంచుతో కప్పాను.

అంబులెన్సు సైరన్ వేసుకుని ఆ గుంటల రోడ్డు మీద పరుగెత్తింది. కుదుపులకు అక్క తల అటూ ఇటూ ఊగిపోతుంటే రెండు చేతుల మధ్య పట్టుకున్నాను. తిప్పొద్దన్న మనిషిని మళ్ళీ అదే దారిలో తిప్పుతున్నాను. ఎదురొచ్చిన ఆటోలు, ఎడ్లబండ్లు దారి ఇచ్చాయి. పత్తి ఏరుతున్న కూలీలు నడుం ఎత్తి చూశారు.  చిల్లకల్లు వచ్చింది, హైవే ఎక్కాం, జగ్గయ్యపేట వైపు తిరిగాం. అప్పుడు ముందు సీట్లో ఉన్న తమ్ముడు వెనక్కి తిరిగి మమ్మల్నిద్దర్నీ చూసి, డ్రైవరుతో, పోయింది అన్నాడు. డ్రైవరు సైరన్ ఆపేశాడు.

"ఇప్పుడు ఏడువు చిన్నక్కా," అన్నాడు తమ్ముడు.

ఏడ్చాను. గరికపాడు దగ్గర అమ్మానాన్నల పక్కన మట్టి చేసేదాకా ఆగకుండా ఏడ్చాను. మర్నాడు ఏటి ఒడ్డున వనభోజనాలు బ్రహ్మాండంగా జరిగాయట. పెళ్ళి కూడా బాగా జరిగిందట.

మూడు ముడులూ పడ్డాక, పందిరి విప్పాక, ఇంటిగలావిడే ఫోన్ చేసి నన్ను వచ్చెయ్యమంది. నాకు వేరే చోటు లేదు, వెళ్ళాను. గదులకు కొత్త రంగు వేయించింది. కాఫీ తెచ్చిచ్చి, నా పక్కనే మంచం అంచున కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు. ఆవిడ ఏడుపు దొంగ ఏడుపు కాదు, అది నాకు తెలుసు.

"ఎంత మంచి మనిషి టీచరమ్మా మీ అక్క. చివరికి రోడ్డు మీద పోయిందా తల్లి. పోయేటప్పుడు నెత్తిన ఇంత నీడ కూడా లేకపాయె," అంది.

నేను కాఫీ తాగి గ్లాసు కింద పెట్టి, అవునండీ అన్నాను.